పాత కారు కొనుట: ముక్తేశ్వరము రేవు చెప్పిన పాఠము

కాకినాడ వైపునుండి కోనసీమకు రాగోరువారికి కోటిపల్లి రేవులో పంటు కొఱకు వేచియుండుట కొత్త సంగతి కాదు. ఈ దరిని కోటిపల్లి సోమేశ్వరస్వామి ఆలయము, ఆ దరిని ముక్తేశ్వరము, నడుమ గౌతమీ గోదావరి. పడవలను జతచేసి పైన బల్లలు పఱచిన పంటు మీద మనుషులును, సైకిళ్లును, మోటారు బండ్లును కలిసి ఏరు దాటుట ఇచ్చటి పరిపాటి. రేవు వాలులో దిగిన కారు బల్లల మీదుగా పంటు నెక్కునపుడు దాని ముందు చక్రములు పైకి లేచును. ఆ క్షణమున దిగువ నిలిచినవారికి మామూలుగా కంటబడనిది కంటబడును. అది కారు అడుగు భాగము. పైరంగు ఎంత నిగనిగలాడినను అడుగు భాగము అబద్ధము చెప్పదు. పాత కారు కొనగోరు శ్రోతలకు మేము నేడు విన్నవింపబోవు చరిత్ర యంతయు ఆ అడుగు భాగమునకు సంబంధించినదే.

కోనసీమ దీవి వంటిది. ఒక వైపున గౌతమి, వేఱొక వైపున వసిష్ఠ, దిగువన బంగాళాఖాతము. 1847లో మొదలిడిన ధవళేశ్వరము ఆనకట్ట 1852 నాటికి పూర్తియైన పిమ్మట ఈ సీమకు కాలువలే బాటలైనవి. ధాన్యమును, కొబ్బరియు, పెండ్లివారును పడవల మీదనే పోవుచుండిరి. 1928లో కాకినాడనుండి కోటిపల్లికి రైలుమార్గము పడినది గాని అది ఏటి దరినే ఆగిపోయినది. రెండవ ప్రపంచ యుద్ధకాలమున, 1940లో, ఆ పట్టాలను సైతము పెఱికి కొనిపోయిరి. మరల ఆ దారిని రైలు నడచుట 2004లో గాని జరుగలేదు. యానాము, ఎదుర్లంకల నడుమ వంతెన వచ్చినది 2002లో. అంతకు పూర్వము ముక్తేశ్వరమువాడు కారులో కాకినాడ పోవలెనన్న పంటునైన ఎక్కవలెను, లేదా రావులపాలెము చుట్టు తిరిగియైన పోవలెను. కావున ఈ సీమలో కారు నీటితో చెలిమి చేయక తప్పలేదు. ఆ చెలిమి ఇనుమునకు మంచిది కాదు.

పాత కార్ల వ్యాపారమునకు మన దేశమున నొక ప్రత్యేక చరిత్ర కలదు. ఫోర్డు కంపెనీ 1926లోను, జనరల్ మోటార్సు 1928లోను భాగములను దిగుమతి చేసి ఇచ్చట కార్లు కూర్చు పని నారంభించినవి. 1953లో టారిఫ్ కమిషను విచారణ జరిగిన పిమ్మట, విడిభాగములను క్రమముగా ఈ దేశముననే తయారుచేయు ప్రణాళిక లేనివారు తొలగవలసినదేనని ప్రభుత్వము నిర్ణయించెను. ఆ రెండు కంపెనీలును పని చాలించినవి. మిగిలినవారిలో ముఖ్యులు మువ్వురు: కలకత్తా చేరువ ఉత్తరపారాలో హిందూస్థాన్ మోటార్సు, బొంబాయిలో ప్రీమియర్ కంపెనీ, మద్రాసులో స్టాండర్డు కంపెనీ. అంబాసిడరు, ఫియట్టు, స్టాండర్డు హెరాల్డు అను పేర్లు ఇంటింట వినబడుటకు కారణ మిదియే. కోరువారు వేలు, తయారగునవి కొలదిగా ఉండుటచే కొత్త కారు కొఱకు సంవత్సరముల తరబడి వేచియుండవలసి వచ్చెను. 1959లో కార్ల పంపిణీ, అమ్మకముల నియంత్రణకై ప్రభుత్వము ప్రత్యేకముగా ఉత్తర్వు జారీ చేసినదన్న ఆ కొఱత ఎట్టిదో ఊహింపవచ్చును.

ఇట్టి కాలమున పాత కారునకు గొప్ప గిరాకి యుండుట సహజము. ఒకరి చేతినుండి మఱియొకరి చేతికి, అయిదాఱు చేతులు మాఱినను కారు పాతయినుమునకు పోయెడిది కాదు. ఇంజను అరిగినచో బోరు చేయించి, కొత్త పిస్టన్లును రింగులును వేయించి మరల నడిపించిరి. మన పట్టణములలోని మెకానిక్కులు ఈ విద్యలో ఆఱితేరిరి. దానివలన మన ప్రజల మనస్సులో నొక నమ్మకము పాతుకొనెను: కారనగా ఇంజను, ఇంజను బాగున్నచో కారు బాగున్నట్లే. పాత కారును చూడబోయినవారు బానెట్టు తెఱపించి, ఇంజను నడిపించి, చెవి యొగ్గి వినుట ఆచారమైనది. ఆ ఆచారమునకు మా ఇంటివారును బలియైరి.

అది 1997వ సంవత్సరము. అంతకు ముందటి యేడు, 1996 నవంబరు 6వ తేదీ రాత్రి, కోనసీమను ముంచిన తుపానును ఈ సీమవారు మఱువలేరు. వెయ్యిమందికి పైగా మరణించిరి. కొబ్బరి తోటలు నేలమట్టమైనవి. మా మేనమామగారిది ముక్తేశ్వరమునకు చేరువనున్న పల్లె. తోటలో సగము కూలినది. మా అమ్మమ్మగారికి గుండె జబ్బు. నెల కొకటి రెండు పర్యాయములు ఆమెను కాకినాడ కొనిపోవలసి వచ్చుచుండెను. బస్సు దిగి, పంటు నెక్కి, మరల బస్సు నెక్కుట ఆమెకు శక్యము గాక, మామయ్య మిగిలిన డబ్బు కూడదీసి పాత అంబాసిడరు నొకదానిని కొనెను. తీరమునకు దగ్గఱి పట్టణ మొకదానిలో అది అమ్మకమునకు వచ్చినది. ధర ఆశ్చర్యముగా తక్కువ. తెల్లని కొత్త రంగు, నేలకు కొత్త తివాచీ. ఇంజను మీద నిండు నీళ్ల గ్లాసు నుంచి నడిపించిరి, చుక్క తొణకలేదు. ఇంక చూడవలసిన దేమున్నదని బేరము ముగించిరి. మాకప్పుడు పదునాఱేండ్లు. ఆ గ్లాసును పట్టుకొని నిలిచినది మేమే.

మఱుసటి యేట వానకాలమున నొకనాటి యుదయము అమ్మమ్మకు ఆయాసము హెచ్చినది. ఆమెను వెనుక సీటులో పరుండబెట్టి రేవునకు వచ్చితిమి. వాలులో వెనుక చక్రమునకు గాలి పోయినది. పంటు సిద్ధముగ నున్నది. జాకీ పెట్టి త్రిప్పసాగితిమి. కారు లేవలేదు. జాకీయే కారులోనికి పోవుచుండెను! తలుపు దిగువ దూలము అట్టపెట్టె వలె నలిగి, రంగు పెళ్లలు పెళ్లలుగా రాలినది. పంటు వెడలిపోయినది. తరువాతి పంటుకై వచ్చిన జీపువా రొకరు అమ్మమ్మను ఎక్కించుకొని ఆసుపత్రికి చేర్చిరి. ఆమె దక్కినది. ఆ జీపు రాకపోయినచో ఏమయ్యెడిదో మామయ్య ఎన్నడును పైకి అనలేదు. అనకపోవుటయే మాకు బాగుగ జ్ఞాపకము.

ఆ సాయంకాలము రేవులోని ముసలి మెకానిక్కు నొకనిని పిలుచుకొని వచ్చితిమి. అతడు ఇంజను వైపు కన్నెత్తియైన చూడలేదు. కొత్త తివాచీని లాగి, స్క్రూడ్రైవరుతో నేలను పొడిచెను. అది కాగితమున దిగినట్లు దిగినది. లోపలి బోలునుండి బూడిద రంగు ఒండ్రు పొడిపొడిగా రాలినది. "ఆయ్, ఇది తుపాను నీళ్లలో నానిన బండండీ. ఇంజనుదేవుందండీ, మార్చుకోవచ్చు. ఒళ్లే పోయాక ఎవరు మార్చగలరండీ?" అనెను. ఆ పెద్దమనిషి చదివిన చదువు మే మెరుగము గాని, ఆ మాటలో లోహశాస్త్రమును, యంత్రశాస్త్రమును రెండును కలవు.

ఎట్లనగా, లారీలకును, వెనుకటి జీపులకును అడుగున ఉక్కు దూలముల చట్రము, అనగా ఛాసిస్, విడిగా నుండును. దానిపై పెట్టె బిగింపబడును. స్టాండర్డు హెరాల్డు కారునకును అట్టి చట్రమే యుండెడిది. అంబాసిడరు, ఫియట్టు 1100, తరువాత వచ్చిన మారుతి 800, నేటి చిన్న కార్లలో దాదాపు అన్నియు అట్టివి కావు. వాటికి పలుచని ఉక్కు రేకులను మడిచి అతికిన దేహమే చట్రము. నేల రేకు, తలుపుల దిగువ బోలు దూలములు, స్తంభములు, కప్పు కలిసి బరువును మోయును. అంబాసిడరునందు వెనుక కమాను కట్టలు వ్రేలాడు కొక్కెములు ఆ దేహమునకే బిగింపబడినవి. బోలు దూలములోనికి చేరిన తడి సులభముగా ఆఱదు. ఒండ్రు దానిని పట్టి యుంచును. ఇనుము, నీరు, గాలి కలిసినచో తుప్పు. వానికి ఉప్పు తోడైనచో తుప్పు వేగము హెచ్చును, ఏలనగా ఉప్పునీటిలో ఆ రసాయన క్రియకు వలసిన విద్యుత్ ప్రవాహము సులభముగా సాగును. తుప్పు లోపలినుండి బయటికి తినుకొని వచ్చును. పైకి పొక్కుగా కనబడునప్పటికి లోపల పని ముగిసియుండును. అరిగిన ఇంజనును బాగుచేయుట డబ్బుతో తీరును. తినివేయబడిన దేహమును బాగుచేయుట కారు ధరను మించును.

కావున పాత కారును చూడబోవువారు వరుస మార్చవలెనని మా మనవి. ఇంజనును చివరకు ఉంచి, అడుగునుండి ఆరంభింపుడు. ఉదయమున, వెలుతురులో, వాన లేని దినమున పొండు. తడిసిన రంగు లోపములను దాచును. నేల తివాచీని పూర్తిగా ఎత్తి చూపుమని అడుగుడు. కారు పాతదై తివాచీ మాత్రము కొత్తదైనచో కారణము తెలిసికొనుడు. డికీలో స్టెప్నీ నుంచు గుంట, తలుపుల దిగువ దూలములు, జాకీ పెట్టు చోట్లు, వెనుక కమాను కట్టలో స్ప్రింగులో కారునకు తగులు చోట్లు, ఈ నాలుగును ముఖ్యము. చిన్న సుత్తితో మెల్లగా తట్టినచో మంచి రేకు గణగణమనును; తుప్పు తినినది, పుట్టీ నింపినది బొద్దుగా మ్రోగును. అయస్కాంతమునకు పలుచని గుడ్డ చుట్టి రేకు మీద నుంచినచో, పుట్టీ దట్టముగ నున్న చోట అది అంటదు. తలుపులకును దేహమునకును నడుమ సందు అంతట ఒక్క తీరుగ నున్నదో లేదో చూడుడు. ఒక టైరు ఒక ప్రక్కనే అరిగినచో చక్రముల అమరిక తప్పినదో, పూర్వ మెప్పుడైన ప్రమాదమున దేహమే వంగినదో విచారింపుడు.

తరువాత నీటి జాడలు. ఈ పరీక్ష కోనసీమవారికే కాక అందఱికిని నేడు అవసరమైనది. 1986 ఆగస్టులో ధవళేశ్వరము వద్ద 35 లక్షల ఘనపుటడుగులకు పైగా నీరు క్షణమునకు ప్రవహించినపుడు ఈ సీమలో కార్లు బహు స్వల్పము. 2015 డిసెంబరులో చెన్నై, 2018 ఆగస్టులో కేరళ, 2020 అక్టోబరులో హైదరాబాదు, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగిన విజయవాడ, ఈ వరదలలో మునిగిన కార్లు అసంఖ్యాకములు. భీమా కంపెనీ పూర్తి నష్టముగా లెక్కించి పరిహార మిచ్చిన కారు పాతయినుముగా అమ్ముడుపోయి, శుభ్రపఱుపబడి, దూరపు ఊరిలో మరల అమ్మకమునకు వచ్చుట కలదు. వరదను ఎరుగని ఊరివాడు దానిని కొనును.

అట్టి కారును గుర్తించు ఉపాయములు కొన్ని: సీటు బెల్టును చివరిదాక లాగుడు; చుట్టలోపలి భాగమున బురద చారిక యున్నచో అది నీట మునిగినదే. సీట్ల దిగువ పట్టాలను, బోల్టులను చూడుడు. లోపల నుండు ఇనుము తుప్పు పట్టుటకు వాన చాలదు. ముందు దీపముల అద్దములలోపల నీటి గీత యున్నదేమో చూడుడు. అద్దములు మూసి కొంతసేపు లోపల కూర్చుండి వాసన చూడుడు. ముక్క వాసన దాగదు, అత్తరు వాసన హెచ్చుగ నున్నచో మఱింత అనుమానింపుడు. నేటి కార్లలో ఇంజనును నడుపునది కంప్యూటరు పెట్టె. దాని తీగల అతుకులలో పచ్చని చిలుము పట్టినచో కారు నేడు నడచును, రేపు నడిదారిలో నిలిచిపోవును. లోపసూచికలను చదువు స్కానరు చేత పట్టిన మెకానిక్కును వెంట గొనిపోవుట మేలు. తాళము త్రిప్పినపుడు హెచ్చరిక దీపములు వెలిగి పిదప ఆరవలెను. అసలు వెలుగనే వెలుగని దీపము మంచి లక్షణము కాదు.

ఇప్పుడు ఇంజను. మీరు చేరునప్పటికి అది చల్లగ నుండవలెను. బానెట్టుపై అరచేయి యుంచుడు. వెచ్చగ నున్నచో మీరు రాకముందే దానిని నడిపి సిద్ధము చేసినారన్నమాట. ఆయిలు కొలత కమ్మిని లాగి చూడుడు. ఆయిలు పాలు కలిసినట్లు తెల్లనై యున్నచో దానిలో నీరు చేరినది. రేడియేటరు మూతను ఇంజను చల్లగ నున్నపుడే తెఱచి చూడుడు. నీటిపై నూనె తేలరాదు. వదలక వచ్చు నీలి పొగ ఆయిలు మండుటకును, నల్ల పొగ పెట్రోలో డీజెలో అధికముగ మండుటకును, ఇంజను వేడెక్కిన పిదపను తగ్గని దట్టమైన తెల్ల పొగ రేడియేటరు నీరు లోపలికి దిగుటకును గుర్తులు. పిదప స్వయముగా నడిపి చూడుడు. బ్రేకు వేసినపుడు కారు ఒక ప్రక్కకు లాగరాదు. గుంటలలో స్టీరింగు కొట్టుకొనరాదు. గేర్లు జాఱరాదు. ఇవి లోపములైనను బాగుచేయదగినవే. వాటి ఖర్చును ధరనుండి తగ్గించి బేరమాడవచ్చును. తుప్పునకు అట్టి బేరము లేదు. దూలములు పోయిన కారును ఉచితముగ నిచ్చినను వలదనుటయే వివేకము.

చివరి పరీక్ష కాగితములది. దీనిని చాలమంది తేలికగా చూతురు. రిజిస్ట్రేషను పత్రములోని ఛాసిస్ నంబరును, ఇంజను నంబరును కారుపై చెక్కిన అంకెలతో అక్షరము వెంట అక్షరము పోల్చుడు. అంకెల చుట్టు కొత్త అతుకు గాని, గీకిన జాడ గాని ఉండరాదు. కారుపై బ్యాంకు అప్పు నమోదై యున్నచో అది తీఱినట్లు ధృవపత్రము కావలెను. సొంత కారునకు రిజిస్ట్రేషను పదునైదేండ్లు. ఆ పిమ్మట తనిఖీ చేయించి అయిదేండ్ల కొకసారి పొడిగించుకొనవలెను. ఈ రుసుము 2022 ఏప్రిల్ నుండి బాగుగ హెచ్చినది గనుక ధరతోపాటు దానిని కూడ లెక్కవేయుడు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము, ఒకే రాష్ట్రములోని అమ్మకమైనచో, అమ్మినవాడు పదునాలుగు దినములలోను, కొన్నవాడు ముప్పది దినములలోను ఆ సంగతి రవాణా అధికారులకు తెలియజేయవలెను. తెల్లకాగితముపై సంతకము, చేతికి తాళము, అంతటితో అమ్మకము ముగిసినదనుకొనుట పొరపాటు. కారు చేతులు మాఱినను రిజిస్టరులో పేరు మాఱనంతవరకు, ప్రమాద పరిహార విషయమున చట్టము దృష్టిలో యజమాని ఆ పేరుగలవాడే యని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు స్పష్టపఱచినది. అమ్మువాడు కూడ ఈ మాట చెవిని బెట్టుకొనవలెను. ఎన్నడో అమ్మిన కారు ఎచ్చటనో ఎవరినో కొట్టినచో ఆ పరిహారపు భారము ఇతని గడప త్రొక్కును.

1983 డిసెంబరు 14న తొలి మారుతి 800 యజమాని చేతికి అందిన నాటినుండి మన దేశమున కారు కొఱత క్రమముగా తగ్గినది. ఫియట్టు వంశమునకు చెందిన ప్రీమియర్ పద్మిని తయారీ ఈ శతాబ్దారంభమున ఆగెను. 2014 మే నెలలో అంబాసిడరు తయారీయు నిలిచిపోయెను. కొఱతకాలపు అవసరములు పోయినవి. ఆ కాలపు అలవాటు మాత్రము పోలేదు. నేటికిని పాత కారు చూడబోయినవారు మొదట బానెట్టు ఎత్తుదురు. వంగి అడుగును చూచుట నామోషీ యనుకొందురు. అమ్మజూపువానికి ఈ సంగతి తెలియును. కనుకనే అతడు ఇంజనును తుడుచును, నేలను కప్పును.

మామయ్యకు కారు అమ్మినవాడు మోసము చేసెనా, లేక తానును అట్లే మోసపోయెనా యనునది మాకు నేటికిని తెలియదు. మామయ్య దానిని మరల అమ్మలేదు. కొనువారు వచ్చిరి; రంగు వేయించి అమ్మివేయుమని సలహా చెప్పినవారును కలరు. "ఇంకొకరి అమ్మను రేవులో దింపమంటావా?" యని యడిగి, దానిని పాతయినుము క్రింద తూకమునకు వేసెను. తరువాత అమ్మమ్మను ఆసుపత్రికి అద్దె కారులోనే కొనిపోయెడివాడు. ఆ ఖర్చు కొంత కాలము ఇంటిని పీడించినది. ఆమె మఱి ఆఱేండ్లు జీవించినది.

ఇటీవల ముక్తేశ్వరము రేవులో నిలిచినపుడు కారొకటి పంటు నెక్కుచుండెను. దాని యజమాని దానివైపు మురిపెముతో చూచుచు నిలిచియుండెను. మేము మాత్రము, ఆ వయస్సు అలవాటు చొప్పున, కొంచెము వంగి దాని అడుగును చూచితిమి. శుభ్రముగ నున్నది. మా మనస్సునకు కలిగిన నెమ్మది ఇంతంత కాదు. పాత కారు కొనబోవు శ్రోతలు కూడ ఒక్కసారి వంగవలెనని, వంగినందుకు సిగ్గుపడరాదని మా ప్రార్థన. ఆ ఒక్క నిమిషము ఎవరి ప్రాణమున కడ్డుపడునో ముందుగ చెప్పగలవారు లేరు.